కళ్ళు తిరిగిన విశేషం

12 ఫిబ్రవరి 2018, సోమవారం

మళ్ళీ వచ్చింది.

అలారం ఆపుదామని కుడి వైపు తిరిగానో లేదో, ఆపేసి ఉన్న ఫ్యాను, బీరువా, కిటికీ అన్నీ కలిసి గిర్రున తిరిగాయి. మంచం పట్టె రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. మూసుకుంటే ఇంకా జోరుగా తిరిగింది. కాసేపటికి దానంతట అదే ఆగింది. గోడ పట్టుకుని బేసిన్ దాకా వెళ్ళి, రాత్రి తిన్న పెసరట్టుకి వీడ్కోలు చెప్పాను. తలెత్తి చూస్తే వంటింటి గుమ్మంలో అత్తయ్య.

కంగారు పడుతుందనుకున్నాను. నవ్వుతోంది! "నిమ్మకాయ వాసన చూస్తావా?" అంది. వద్దన్నాను. "సరే, వంగకు," అనేసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ నవ్వేంటో నాకు అర్థం కాలేదు.

మేడ మీదికి వెళ్ళి తెనాలికి ఫోన్ చేశాను. అమ్మ మొదటి మాట, "ఎవరైనా చూశారా?" రెండో మాట, "నోరెత్తకు." మూడో మాటగా ఎలా ఉన్నావని అడిగింది.

అమ్మనీ అనలేను. రెండేళ్ళ క్రితం హాస్టల్లో ఉన్నప్పుడు మూడుసార్లు వచ్చింది ఇది. తగ్గిపోయిందని అనుకున్నాం. పెళ్ళిచూపుల్లో మామయ్యగారి అక్క జానకీదేవి గారు కాఫీ కప్పు కింద పెట్టి మరీ అడిగింది, "పిల్లకి ఫిట్సు, ఆయాసం, తల తిరగడం లాంటివేమీ లేవు కదా?" అని. "జలుబు కూడా చెయ్యదండీ మా మంజూషకి," అంది అమ్మ. ఆ రోజు నాకు జలుబు. ముక్కు ఎగబీల్చకుండా గంటన్నర కూర్చున్నాను.

జానకి అత్తయ్యగారికి తెలిస్తే నవ్వి ఊరుకునే మనిషి కాదు. వాళ్ళ చిన్న తమ్ముడి కోడలికి ఆయాసం ఉందని పెళ్ళయ్యాక బయటపడితే, "రోగిష్టి పిల్లని అంటగట్టారు" అని ఊరూవాడా చాటి, ఆ అమ్మాయిని ఏడాది పాటు పుట్టింట్లో కూర్చోబెట్టించింది. నా పెళ్ళై ఏడు నెలలే.

13 ఫిబ్రవరి, శివరాత్రి

ఉపవాసం ఉంటానన్నాను. అత్తయ్య గట్టిగా తల అడ్డంగా ఊపబోయి, ఎందుకో ఆపి, చెయ్యి ఊపింది. "నువ్వు ఉండకూడదు," అంది. ఎందుకన్నాను. "ఎందుకో నీకూ తెలుసు, నాకూ తెలుసు," అని కన్ను గీటింది.

మా అత్తగారు కన్ను గీటింది! అప్పుడు వెలిగింది నాకు. కోడలికి పొద్దున్నే కళ్ళు తిరిగి వాంతి అయితే మన ఇళ్ళల్లో దానికి ఒక్కటే అర్థం.

రేపు చెప్పేస్తాను. ఇవాళ మాత్రం ఇల్లంతా పస్తున్న రోజున నా ఒక్కదాని కోసం జీడిపప్పు వేసిన ఉప్మా వచ్చింది. వేడిగా ఉంది. దాన్ని అవమానించలేకపోయాను.

14 ఫిబ్రవరి, బుధవారం

క్లాసులో బోర్డు వైపు తిరిగి, మళ్ళీ పిల్లల వైపు తిరిగేసరికి అమీర్‌పేట మొత్తం ఒరిగింది. మార్కర్ పడిపోయింది. వెనక బెంచీలో ఎవడో "మేడం సర్వర్ డౌన్" అన్నాడు. నవ్వేశాను. సాఫ్ట్‌వేర్‌లో లోపాలు పట్టే టెస్టింగ్ నేర్పేదాన్ని, నాలో లోపం పిల్లలే ముందు పట్టుకుంటే పరువేం కాను? మధ్యాహ్నం బ్యాచ్ మానేసి, మెట్రో స్తంభాల పక్కన ఆటో పట్టుకుని పంజాగుట్ట ఆసుపత్రికి వెళ్ళాను.

చెవి డాక్టరమ్మ నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, ఉన్నట్టుండి వెనక్కి వాల్చి, తల అంచు నుంచి కిందికి వేలాడదీసింది. కెవ్వుమన్నాను. "కళ్ళు తెరిచే ఉంచు," అని నా కళ్ళలోకి చూస్తూ, తలని ఒక వైపు పట్టుకుని, ఇంకో వైపుకి తిప్పి, ఒళ్ళంతా దొర్లించి లేపి కూర్చోబెట్టింది. ఇంతేనా అన్నాను. ఇంతే అంది.

చెవి లోపల సున్నపు రవ్వలు ఉంటాయట. ఉండాల్సిన చోట ఉంటే మనల్ని నిలబెడతాయట, జారి పక్క గొట్టంలో పడితే ఇలా తిప్పుతాయట. ఇన్నాళ్ళూ చెవిలో పువ్వులు పెడతారని విన్నాను, రాళ్ళు కూడా ఉంటాయని ఇవాళే తెలిసింది.

"ఇప్పటికి సర్దేశాను. మళ్ళీ తిరగబెట్టకుండా చూసుకోవాలి," అంది. నెత్తురు తీయించింది. రెండు గంటలు కూర్చుంటే రిపోర్టు వచ్చింది. డి విటమిన్ పదకొండు, కనీసం ఇరవై ఉండాలట. ఆ అంకె నాకు ఇంజనీరింగులో వచ్చిన మార్కులా ఉంది.

"హైదరాబాదులో ఎండకి కరువొచ్చిందా? ఎక్కడ పని చేస్తావు?"

"అమీర్‌పేటలోనండి. సెల్లార్‌లో క్లాసు. పొద్దున ఏడింటికి దిగితే చీకటి పడ్డాక పైకి వస్తాను."

"మరి అందుకే," అంది.

వారానికొక పొట్లం డి పొడి, పాలల్లో కలుపుకుని తాగాలి. రోజూ కాల్షియం బిళ్ళలు. డి తక్కువగా ఉన్నవాళ్ళు వాడితే మళ్ళీ రావడం తగ్గుతుందని తేలిందట. "అస్సలు రాదని రాసివ్వను. వారానికి ఒకటే సుమా. త్వరగా బాగవ్వాలని రోజూ తాగితే వేరే డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సి వస్తుంది," అని నవ్వింది.

పాలు. నాకు పాలంటే చిన్నప్పటి నుంచీ అసహ్యం.

15 ఫిబ్రవరి

రాత్రి చెప్దామనే మందుల సంచి తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. దేవుడి తోడు, చెప్దామనే. అత్తయ్య సంచిలోంచి కాల్షియం అట్ట తీసి, దీపం దగ్గర పెట్టి చదివి, కళ్ళకద్దుకుంది. "వివేక్ కడుపులో ఉన్నప్పుడు నాకూ ఇవే ఇచ్చారే," అంది, మా ఆయన్ని తలుచుకుని. వెంటనే పాలు కాచి, గ్లాసు నా చేతికిచ్చి, నేను తాగేదాకా నిలబడింది.

నేను అబద్ధం చెప్పలేదు. ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. రెండూ వేర్వేరు.

17 ఫిబ్రవరి, శనివారం

బయట చేరాను. ఈ ఇంట్లో ఆ మూడు రోజులూ పూజగదిలోకి వెళ్ళకూడదు. వెళ్ళకపోతే తెలిసిపోతుంది.

వెళ్ళాను. దీపం పెట్టాను. వెంకటేశ్వరస్వామి పటం వైపు చూడకుండా, పక్కన క్యాలెండర్ వైపు చూస్తూ పెట్టాను. వాడినవి పేపర్లో చుట్టి చెత్తబుట్ట అడుక్కి తోశాను. ఇంత పకడ్బందీగా నేను ఏ పనీ చేయలేదు.

18 ఫిబ్రవరి

మొదటి పొట్లం అయింది. పాలు కూడా మరీ అంత అన్యాయంగా లేవు.

23 ఫిబ్రవరి, శుక్రవారం

ఇంట్లో నా హోదా పెరిగింది. అటక మీది డబ్బాలు దించనక్కర్లేదు. బాల్కనీ దండెం మీద బట్టలు ఆరేయనక్కర్లేదు, చేతులు పైకెత్తకూడదట. ఆదివారం వంట లేదు. మామయ్యగారు బ్యాంకులో రిటైరయ్యాక మొదటిసారి తన కాఫీ కప్పు తనే కడిగి, అందరికీ చూపించారు.

అత్తయ్య గురించి రాయాలి. ఆవిడవన్నీ మహారాణి లక్షణాలు. మంచం మీద పడుకోదు, హాల్లో పడక్కుర్చీలో మూడు దిండ్లు వేసుకుని వాలుతుంది. మామయ్యగారి గురక భరించలేకట. ఎవరు పిలిచినా తల తిప్పదు, మొత్తం మనిషే మెల్లగా తిరుగుతుంది. ఇంత భక్తురాలా, పూజ చివర్లో ఆత్మప్రదక్షిణ మాత్రం చేయదు. దేవుడి ముందు నిలబడి చేత్తో గాల్లో సున్నా చుడుతుంది, అంతే. దేవుడి దగ్గర కూడా ఇంత బద్ధకమా అనుకునేదాన్ని. పైనున్న వస్తువు ఏది కావాలన్నా, నేను రాకముందు మామయ్యగారు, నేను వచ్చాక నేను.

ఇప్పుడు అవన్నీ ఆవిడే చేసుకుంటోంది. చేసుకోనీ, వ్యాయామం.

4 మార్చి, ఆదివారం

మూడో పొట్లం. కుడి వైపు తిరిగి పడుకున్నాను, లేచాను, మళ్ళీ పడుకున్నాను. ఏమీ లేదు. గదికి బుద్ధొచ్చింది.

కింది వాటాలో ఇంటావిడ స్వరాజ్యం గారు మెట్ల మీద ఆపింది. వాళ్ళ తాతల నాడు బల్కంపేటలో వరి పండించేవాళ్ళట. ఇప్పుడు అద్దెలు పండుతున్నాయి. "ఏం బిడ్డా, మొఖంల కళ వచ్చింది! మీ అత్త ఏం చెప్తలేదు గని నాకు అర్థం కాదా? రోజు పాలు తాగుతున్నవట. జర పైలం. నేనైతే ఎల్లమ్మ తల్లికి మొక్కుకున్న, పండంటి బిడ్డ పుడితె బోనం ఎత్తుత అని."

ఎల్లమ్మ తల్లిని కూడా ఇందులోకి లాగారు. ఇక ఉగాదికి చెప్పేస్తాను. కొత్త సంవత్సరం, కొత్త నిజం.

నేను అబద్ధం చెప్పలేదు.

7 మార్చి

సాయంత్రం బ్యాచ్‌లో రాకేశ్ అనే కుర్రాడు అడిగాడు, "మేడం, రెజ్యూమెల రెండేండ్ల ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తరట గద బయట. పెట్టుకోనా?" పది నిమిషాలు దులిపేశాను. అబద్ధం మీద నిలబెట్టిన ఉద్యోగం ఎన్నాళ్ళు ఉంటుంది, మా వివేక్‌ని చూడు, ఒక్కో మెట్టూ ఎక్కుతూ పైకొచ్చాడు, అని. పిల్లలందరూ తలలు దించుకున్నారు. చెప్తున్నప్పుడు నాకే కళ్ళు చెమర్చాయి. బయటికొచ్చాక నా సంగతి గుర్తొచ్చి, మిరపకాయ బజ్జీలు తిని మర్చిపోయాను.

9 మార్చి

మామయ్యగారి నోట్లో నువ్వుగింజ నానదు. కాల్షియం మాత్రల సంగతితో సహా జానకి అత్తయ్యగారికి చెప్పేశారు. ఉగాదికి కూకట్‌పల్లి నుంచి వస్తోందట, గాజులూ చీరా పట్టుకుని.

10 మార్చి

పుణె నుంచి వివేక్ ఫోన్. ప్రాజెక్టు మీద వెళ్ళి రెండు నెలలైంది. "మంజూ, నేను తండ్రినవుతున్నానట. కంగ్రాట్స్ చెప్పడానికి మేనత్త చేసింది. నాకు తెలియకుండా ఏంటిది?"

"ఏమీ లేదు. గ్యాస్ అయితే అత్తయ్య అలా అనుకున్నారు."

"మరి చెప్పొచ్చుగా!"

"ఉగాదికి నువ్వొస్తావుగా, నువ్వే చెప్పు."

"నన్ను ఇందులోకి లాగకు, ప్లీజ్." పెట్టేశాడు. శూరుడు.

గ్యాస్ అన్నాను. అది అబద్ధమే. ఒక్కటి.

14 మార్చి, బుధవారం

బాల్కనీలో అత్తయ్య బట్టలు ఆరేస్తోంది. దుప్పటి పైకి విసిరి, దండెం పట్టుకుని అలాగే ఆగిపోయింది. చాలాసేపు. ఎవరితోనో మాట్లాడుతోందేమో అనుకున్నాను. కింద ఎవరూ లేరు.

"ఏంటత్తయ్యా?"

"ఏం లేదే. గాలికి నిలబడ్డాను."

గాలి లేదు.

17 మార్చి, శనివారం

బయట చేరాను. రేపు ఉగాది. రేపు జానకి అత్తయ్యగారు.

18 మార్చి, ఉగాది

ఏ వరసలో జరిగిందో ఆ వరసలోనే రాస్తాను.

పొద్దున్నే వివేక్ దిగాడు. స్నానాలయ్యాయి. వేపపువ్వు, మామిడికాయ, కొత్త బెల్లం అన్నీ బల్ల మీద ఉన్నాయి. మామయ్యగారు చింతపండు కోసం పైకీ కిందికీ తిరుగుతున్నారు. గుమ్మానికి మామిడి తోరణం కట్టాలి. ప్రతి పండక్కీ అది నా పని. స్టూలు ఎక్కబోతే అత్తయ్య రెక్క పట్టుకుని దించింది. "నువ్వొద్దు," అని తనే ఎక్కింది. నేను కింద నిలబడి తోరణం అందిస్తున్నాను. మనసులో మాత్రం పూజగదిలోకి వెళ్ళాలా వద్దా, ఇవాళ ఎలా తప్పించుకోవాలా అనే లెక్కలో ఉన్నాను.

అత్తయ్య తల పైకెత్తి మేకు కోసం చూసింది. అంతే. చేతిలో తోరణం వదిలేసి గుమ్మాన్ని కావలించుకుంది. "మంజూ, గుమ్మం తిరుగుతోందే, పట్టుకో, పట్టుకో," అంది. నడుం పట్టుకుని ఎలా దించానో నాకు తెలీదు. చాప మీద కూర్చోబెడితే కుడి పక్కకి ఒరిగిపోయింది. కళ్ళు అటూ ఇటూ గంతులు వేస్తున్నాయి. వాంతి. నేను నా కొంగు పట్టాను.

ఆ కళ్ళు చూశాక నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పడక్కుర్చీ, మూడు దిండ్లు, తల తిప్పకుండా మనిషంతా తిరగడం, దేవుడి ముందు గాల్లో సున్నా. అది బద్ధకం కాదు, మహారాణి లక్షణం కాదు. భయం. నేను చేతులు పైకెత్తకూడదని దండెం పని, అటక పని, తోరణం పని తన మీద వేసుకుంది. నేను రాజ్యం ఏలుతూ పాలు తాగుతూ కూర్చున్నాను. ఏడుపొచ్చింది. నిజంగా ఏడ్చాను.

వివేక్ అంబులెన్సుకి ఫోన్ అంటున్నాడు. మామయ్యగారు ఉప్పూ పంచదారా ఒకే గ్లాసులో పోసి కలుపుతున్నారు. ఇద్దర్నీ హాల్లోకి పొమ్మన్నాను. తిరగడం ఆగేదాకా తల కదలకుండా పట్టుకున్నాను. ఆగింది.

"ఎన్నాళ్ళ నుంచత్తయ్యా?"

"పదకొండేళ్ళు. వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఒక్కసారి చెప్పాను. నాకు నలభై నాలుగప్పుడు. ఇంటి నిండా చుట్టాలు. కళ్ళు తిరుగుతున్నాయి వదినా అన్నాను మీ మామయ్యగారి అక్కతో. 'ఈ వయసులో విశేషమా సీతామహాలక్ష్మీ!' అంది గట్టిగా. అందరూ నవ్వారు. మీ మామయ్యగారూ నవ్వారు. ఇంకెప్పుడూ చెప్పలేదు."

ఆవిడ నుదుటి చెమట తుడిచి అన్నాను, "అత్తయ్యా, నేను కడుపుతో లేను."

"తెలుసులే."

"ఎప్పటి నుంచి?"

"కిందటి నెల నుంచి. చెత్తబుట్ట బయట పెట్టేది ఎవరనుకున్నావే, మీ మామయ్యగారా? పేపర్ చుట్టడం కూడా రాదు నీకు. శనివారం నాటి సినిమా పేజీ, అది నేనింకా చదవనేలేదు."

"మరి ఎందుకు ఊరుకున్నారు?"

"నువ్వే చెప్తావని చూశాను. చెప్పలేదు. నాలాగే దీనికీ చెప్పుకోలేనిదేదో ఉందనుకున్నాను. పోనీ ఈ ఇంట్లో కళ్ళు తిరిగాయని ఒక ఆడదానికైనా పాలిచ్చి కూర్చోబెట్టారు. చూడ్డానికి బాగుంది." అంటూ కళ్ళు మూసుకుంది. "తోరణం పని మీద వేసుకోకుండా ఉండాల్సింది. ఎక్కడ నీకు స్టూలు మీద కళ్ళు తిరుగుతాయోనని..."

అప్పుడు నాకేం ఉందో, ఎప్పటి నుంచి ఉందో, పెళ్ళిచూపుల్లో ఏం దాచామో చెప్పబోయాను. గుమ్మంలో గాజుల చప్పుడు. జానకి అత్తయ్యగారు.

ఇద్దరం కింద కూర్చుని ఉన్నాం. వాంతి, నా కొంగు, సగం కట్టిన తోరణం. ఆవిడ మొహం వెలిగిపోయింది. "వేవిళ్ళు మొదలయ్యాయన్నమాట!" అంటూ నా చెయ్యి పట్టుకోబోయింది.

"దానికి కాదు వదినా," అంది అత్తయ్య, గోడకి ఆనుకుని. "దానికి విశేషం లేదు. నేనే పొరబడ్డాను. కళ్ళు తిరిగేది నాకు. ఆ మాత్రలూ నావే."

నా నేరం ఎత్తుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. నేను నోరు మూసుకుంటే అయిపోయేది. అమ్మ చెప్పినట్టే.

జానకి అత్తయ్యగారు గాజుల సంచి కింద పెట్టి నవ్వింది. "ఏంటి సీతామహాలక్ష్మీ, యాభై ఐదేళ్ళకి మళ్ళీ విశేషమా?" హాల్లోంచి మామయ్యగారి నవ్వు సగం వినిపించింది.

అది వినగానే నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. లేచి నిలబడ్డాను.

"మాత్రలు నావండి. నాకూ కళ్ళు తిరుగుతాయి. పెళ్ళికి ముందు నుంచీ ఉంది. మీరు అడిగారు, మేం లేదన్నాం. జలుబు కూడా ఉందండి ఆ రోజు. ఇది చెవిలో వచ్చేది. రోగం చెప్తే కోడల్ని పుట్టింటికి పంపుతారనీ, అత్తగార్ని చూసి నవ్వుతారనీ తెలిసే ఎవ్వరం చెప్పట్లేదు. రేపు ఇద్దరం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం. ఇక నవ్వండి."

ఎవరూ నవ్వలేదు. జానకి అత్తయ్యగారు మెల్లగా, ఒక్కో అక్షరం నొక్కుతూ తమ్ముడి వైపు తిరిగింది. "విన్నావా రామ్మోహనరావూ? దాచి పెళ్ళి చేశారు. మోసం చేశారు మనల్ని."

మామయ్యగారు గ్లాసులో చెంచా తిప్పుతూనే ఉన్నారు. నేను నా పెట్టె ఎక్కడుందా అని ఆలోచిస్తున్నాను. అప్పుడు అత్తయ్య లేచే ప్రయత్నం చేయకుండా, కింద నుంచే అంది.

"మనం మాత్రం అన్నీ చెప్పామా వదినా? వివేక్‌కి ఇంజనీరింగులో ఆరు సబ్జెక్టులు ఉండిపోయాయని చెప్పామా? మొదటి ఉద్యోగానికి పెట్టిన రెండేళ్ళ ఎక్స్‌పీరియన్స్ అమీర్‌పేటలో కొన్నదని చెప్పామా? ఆ కంపెనీ పేరు నువ్వే కదా నేర్పావు వాడికి, పెళ్ళిచూపుల్లో తడబడకుండా?"

నేను వివేక్ వైపు చూశాను. ఒక్కో మెట్టూ ఎక్కుతూ పైకొచ్చిన మా ఆయన వేపపువ్వు ఒక్కో రేకూ లెక్కపెడుతున్నాడు.

జానకి అత్తయ్యగారు కుర్చీలో కూర్చుంది. "పచ్చడి అయిందా?" అంది. అంతకన్నా పెద్ద క్షమాపణ ఆవిడ జన్మలో చెప్పి ఉండదు. పచ్చడిలో ఉప్పు రెట్టింపు, మామయ్యగారి చలవ. అందరం నోరెత్తకుండా తిన్నాం.

19 మార్చి, సోమవారం

అత్తయ్యని పంజాగుట్ట తీసుకెళ్ళాను. మామయ్యగారు కూడా వస్తానన్నారు. ఆటోలో దారి పొడుగునా ఆయన అత్తయ్య చెయ్యి వదల్లేదు. ఆవిడ కూడా లాక్కోలేదు.

డాక్టరమ్మ తల వేలాడదీస్తే నాలా కెవ్వుమనలేదు, "రామ రామ" అంది. రెండుసార్లు తిప్పాల్సి వచ్చింది. డి తొమ్మిది. నాకన్నా తక్కువ, అత్తగారు కదా. నా పొట్లాల్లోంచి ఒకటి ఇచ్చేస్తానంటే డాక్టరమ్మ కోప్పడింది. ఎవరి నెత్తురు చూసి వాళ్ళకే రాస్తుందట. రాసింది.

"ఇది వాడితే ఇంక రాదా?" మామయ్యగారు అడిగారు.

"రావడం తగ్గుతుంది. వస్తే సిగ్గుపడకుండా ఇక్కడికి తీసుకురండి."

ఆయన తల ఊపారు. బయటికొచ్చాక, పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద ఆ హారన్ల మధ్య, "ఆ రోజు నవ్వకుండా ఉండాల్సింది," అన్నారు. అత్తయ్య వినపడనట్టు నటించింది. నిజంగానే వినపడలేదేమో కూడా.

21 మార్చి

స్వరాజ్యం గారికి నేనే చెప్పాను. లేదని. మొక్కు సంగతేంటని అడిగాను, భయం భయంగా.

"అరె, గందుకు ఫికర్ చేస్తవా? ఎల్లమ్మ తల్లికి ఏం తొందర లేదు బిడ్డా. నువ్వు నిమ్మళంగ కను. గప్పటిదాక బోనం ఆడనే ఉంటది."

22 మార్చి

క్లాసులో రాకేశ్‌తో మళ్ళీ ఆ విషయం ఎత్తలేదు. వాడూ ఎత్తలేదు. వివేక్‌తో రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు నవ్వొచ్చేసింది. "ఆరు సబ్జెక్టులా?" అన్నాను. "ఐదే. అమ్మ పెంచి చెప్పింది," అన్నాడు.

అమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పాను. మొదటి మాటగా, "పంపించేయలేదుగా?" అంది. లేదన్నాను. ఏడ్చింది. నాకు పెళ్ళైన ఈ ఎనిమిది నెలలూ అమ్మ సరిగ్గా నిద్రపోలేదని అప్పుడు తెలిసింది.

25 మార్చి, ఆదివారం

ఇంట్లో ఆదివారం ఇప్పుడు పాల వారం. రెండు గ్లాసులు. మామయ్యగారే కాచి, పొట్లాలు చింపి, ఎవరిది ఎవరికో చూసి ఇస్తున్నారు. అత్తయ్య తాగుతూ మొహం చిట్లించింది. ఆవిడకీ పాలంటే అసహ్యమట. ఇన్నాళ్ళూ నా చేత తాగించింది!

రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్ మోగింది. జానకి అత్తయ్యగారు. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది, పక్క గదిలో ఎవరైనా వింటారన్నట్టు.

"మంజూషా, ఆ పొడి పేరేంటి?"

"ఎవరికండీ?"

"నాకేం కాదు. మా అపార్ట్‌మెంట్లో తెలిసినావిడ ఉంది. ఆవిడకి."

ముందు డాక్టర్‌కి చూపించమనండి అన్నాను. తల తిప్పి సర్దితేనే తగ్గుతుంది, పొడి ఆ తర్వాత, అదీ నెత్తురు పరీక్ష చేశాకే, వారానికి ఒకటే అని చెప్పాను. అన్నిటికీ ఊ కొట్టింది. రాసుకుంటున్నట్టుంది. నాకు జాలేసింది. కానీ నా బుద్ధి ఊరుకోదు కదా.

"ఆ తెలిసినావిడకి ఏ వైపు తిరిగితే ఎక్కువట అత్తయ్యగారూ?"

"కుడి వైపే," అంది ఠక్కున.